అమ్మే స్థలంలో తుమ్మ మోడులుంటే ఆ మాట దస్తావేజులో ఉండాలి

సంపాదకులకు,

ఆర్యా,

నేను నెల్లూరు జిల్లా కావలి ప్రాంతంలో ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాసి జీవనం సాగిస్తున్నవాణ్ణి. ఇళ్లు, ఇళ్ల స్థలాలు, పొలాలు చేతులు మారేటప్పుడు కాగితం మీద ఏ మాట తప్పక ఉండాలో, ఏ మాట ఉంటే రేపు తగాదా అవుతుందో ఉభయపక్షాలకూ చెప్పడం నా వృత్తి. ఇన్నేళ్లలో ఈమధ్య వరకు నేను ఒక్కసారి కూడా రాయని విషయం ఒకటి ఉంది. అది రాయకపోవడం వల్ల ఒక కుటుంబం పడిన ఇబ్బందిని కళ్లారా చూసిన తరువాత, నాతోటి లేఖరులకూ, స్థలాలు కొనేవారికీ, అమ్మేవారికీ మీ పత్రిక ద్వారా చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ విషయం సర్కారు తుమ్మ. మా వైపు దీన్ని కొందరు చిల్లచెట్టు అంటారు, ఎక్కువ మంది కంపచెట్టు అనేసి ఊరుకుంటారు. పేరు ఏదైనా, జాతీయ రహదారికి రెండు వైపులా వేసిన లేఅవుట్లలో ఇల్లు లేని ప్రతి స్థలంలోనూ కనిపించే చెట్టు ఇదే.

2023 మే నెలలో ఒక అంగన్‌వాడీ టీచరు, ఆమె భర్త నా దగ్గరికి వచ్చారు. చీటీ పాడిన డబ్బు, కొంత బంగారం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు కలిపి ఇరవై అంకణాల (అంకణం మా వైపు ఇళ్ల స్థలాల కొలత) స్థలం కొంటున్నారు. అమ్మేవారు ఊళ్లో ఉండరు. పదేళ్ల కిందట కొని అలాగే వదిలేసి, రామాయపట్నం ఓడరేవు పనులు మొదలై ధరలు పెరిగాక మధ్యవర్తి ద్వారా బేరానికి పెట్టారు. నేను ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించాను, ఇంతకుముందు చేతులు మారినప్పటి లింకు దస్తావేజులు చూశాను, నాలుగు హద్దులూ సరిపోల్చాను. స్థలం కూడా చూశామని దంపతులు చెప్పారు. జేసీబీతో చదును చేయించి, పైన గ్రావెలు పరిచి, నాలుగు మూలలా రాళ్లు పాతి, వాటికి సున్నం వేసి ఉంచారట. చూడగానే రేపే శంకుస్థాపన చేసుకోవచ్చు అనిపించిందని ఆమె ఎంతో సంతోషంగా చెప్పారు. రిజిస్ట్రేషన్ సక్రమంగా జరిగింది, వారు స్వీట్లు కూడా తెచ్చి ఇచ్చారు.

మరుసటి సంక్రాంతికి నాలుగు రోజుల ముందు ఆమె మళ్లీ వచ్చారు. ఈసారి చేతిలో స్వీట్లు లేవు, ఒక సంచిలో ముళ్ల పిలకలు ఉన్నాయి. వాటిని నా బల్ల మీద పెట్టి, "అన్నా, కాయితంలో అన్నీ రాశారు గదా, భూమిలో ఉండే ఈ మొద్దుల సంగతి రాయలేదే?" అని అడిగారు. ఆమె కోప్పడలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు.

ఆ సాయంత్రమే నేను వెళ్లి చూశాను. డిసెంబరులో మిగ్‌జాం తుపాను కురిపించిన వానకు గ్రావెలు అక్కడక్కడా కొట్టుకుపోయి, ఆ సందుల్లోంచి గుబురుగా పిలకలు లేచి ఉన్నాయి. ఒక గుబురు దగ్గర కూర్చుని గ్రావెలును పక్కకు తోసి చూస్తే, నాలుగు వేళ్ల లోతులో అరచెయ్యంత వెడల్పున ఒక మోడు బయటపడింది. జేసీబీ బకెట్ పళ్లు తగిలి దాని తల చీలిపోయి ఉంది. లోపల చేవ ఎర్రగా, ఇంకా తడిగా ఉంది. చీలిన తలకు ఏమీ లేదు, పిలకలన్నీ దాని కిందనుంచి, మట్టిలో ఉన్న మొదలు చుట్టూ దండ గుచ్చినట్లు వచ్చాయి. ఆ ఒక్క మోడుకే తొమ్మిది పిలకలు లెక్కపెట్టాను. మోకాలి ఎత్తు కూడా లేని ఆ లేత పిలకకు కణుపు కణుపునా రెండేసి ముళ్లు అప్పటికే గట్టిపడి ఉన్నాయి. మేము ముగ్గు పిండితో గుర్తులు పెట్టుకుంటూ పోతే ఆ ఇరవై అంకణాల్లో ఇరవై మూడు మోడులు తేలాయి. చదును చేసినవారు చెట్లను తీయలేదు, నేలమట్టానికి కొట్టి మీద గ్రావెలు కప్పారు.

నరకడం వేరు, తీయడం వేరు అన్న ఈ ఒక్క భేదం తెలియకనే మా ప్రాంతంలో ఇంత నష్టం జరుగుతోంది. సర్కారు తుమ్మకు మళ్లీ చిగురించే మొగ్గలు మట్టి పైన ఉన్న మానులో మాత్రమే కాదు, భూమిలో జానెడు నుంచి అడుగు లోతు వరకు ఉన్న మొదలు భాగంలోనూ దాగి ఉంటాయి. పైన ఎన్నిసార్లు నరికితే అన్నిసార్లు ఆ మొగ్గలు లేస్తాయి. ఒంటి మానుగా ఉన్న చెట్టు నరికిన ప్రతిసారీ పది మానుల పొదగా మారుతుంది. పైగా కాయ తియ్యగా ఉండడం వల్ల మేకలు, గొర్రెలు, పశువులు ఇష్టంగా తింటాయి. గింజ పైపెంకు గట్టిది కనుక వాటి కడుపులో చాలావరకు అరగదు, పేడతో పాటు బయటపడి అక్కడే మొలకెత్తుతుంది. మొలకెత్తని గింజ భూమిలో ఏళ్ల తరబడి చావకుండా ఉండగలదు. ఖాళీ స్థలం అంటే మా ఊళ్లలో మేకలు మధ్యాహ్నం నిలబడే నీడ కూడా కాబట్టి, ఒక స్థలంలోని చెట్టు పక్క స్థలానికి చేరడానికి రెండు వానాకాలాలు చాలు.

ఈ చెట్టు మన నేల మీద పుట్టింది కాదు. మెక్సికో, కరీబియన్ దీవులు, దక్షిణ అమెరికా ఉత్తర భాగం దీని స్వస్థలం. 1870ల దశకంలో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ అటవీశాఖవారు వంటచెరకు కొరత తీర్చడానికి, బీడు నేలల్లో పచ్చదనం పెంచడానికి దీని విత్తనాలు తెప్పించి కడప ప్రాంతంలో నాటించారు. సర్కారు నాటించింది కనుక సర్కారు తుమ్మ అయింది. మనకు తరతరాలుగా ఉన్న నల్లతుమ్మ దీనికంటే వేరు. దాని ముల్లు పొడవుగా తెల్లగా ఉంటుంది, పువ్వు గుండ్రటి పసుపు బంతి, కాయ పూసలు గుచ్చినట్లు నొక్కులు నొక్కులుగా ఉంటుంది. సర్కారు తుమ్మ పువ్వు కంకిలా సాగి ఉంటుంది, కాయ చిక్కుడులా బల్లపరుపుగా ఉంటుంది. ఈ ఉత్తరం చదివి ఎవరైనా నల్లతుమ్మ మీద గొడ్డలి వేయకూడదని ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఇక నా వృత్తికి సంబంధించిన సంగతికి వస్తాను. పాత దస్తావేజుల్లో "జల తరు పాషాణ నిధి నిక్షేపాది అష్టభోగాలతో సహా" అని రాసేవారు, ఇప్పటికీ మాలో కొందరు ఆ వాడుక విడవలేదు. తరువు అంటే చెట్టు, భూమితో పాటు కొనేవాడికి దక్కే భోగాలలో ఒకటి. మా నాన్నగారి కాలం నాటి కాగితాల్లో "తాటిచెట్లు 6, వేపచెట్టు 1, చింతచెట్టు 1" అని లెక్కపెట్టి మరీ రాసి ఉండడం నేను చూశాను. భోగమైన చెట్టును అంత శ్రద్ధగా రాసిన మనం, భారమైన చెట్టును మాత్రం ఎక్కడా రాయడం లేదు. ఇప్పటి విక్రయ దస్తావేజులో సదరు ఆస్తిపై ఏ విధమైన తాకట్టు, జప్తు, కోర్టు తగాదా, మనోవర్తి క్లెయిము లేవని అమ్మేవారు హామీ ఇస్తారు. ఈసీలో కనిపించేవి కూడా రిజిస్టరైన లావాదేవీలే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్ కోరేది ఆస్తిని గుర్తుపట్టడానికి సరిపడా వర్ణన మాత్రమే. కాబట్టి కాగితం ఎంత శుద్ధంగా ఉన్నా, మట్టి కింద ఏముందో కాగితం చెప్పదు, చెప్పించాలని మనం అనుకుంటే తప్ప.

చట్టం ఈ విషయంలో పూర్తిగా మౌనంగా ఉందని అనుకోవడమూ పొరపాటే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్‌లో అమ్మేవాడి బాధ్యతలు చెబుతూ మొట్టమొదట పెట్టిన మాట ఇదే: ఆస్తిలో గాని, దాని మీది హక్కులో గాని ఉన్న ముఖ్యమైన లోపం తనకు తెలిసి, కొనేవాడికి తెలియక, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిదైతే, దాన్ని అమ్మేవాడు వెల్లడించాలి. నిలబడి ఉన్న కంపచెట్టు అందరికీ కనిపిస్తుంది కనుక అది చెప్పకపోతే తప్పు పట్టలేం, కొనేవాడు చూసుకోవాలి. గ్రావెలు కింద కప్పిన ఇరవై మూడు మోడుల సంగతి వేరు. ఎండాకాలంలో స్థలం చూడడానికి వచ్చిన అంగన్‌వాడీ టీచరు గునపం వెంట తెచ్చుకుని నాలుగు వేళ్ల లోతు తవ్వి చూడాలని ఏ న్యాయమూ చెప్పదని నా నమ్మకం. న్యాయస్థానం ఏమంటుందో చెప్పే అధికారం నాకు లేదు, నేను వకీలును కాను. ఆమె కోర్టుకు వెళ్లలేదు, వెళ్లే స్థోమత ఆమెకు లేదు. అందుకే తగాదా వచ్చాక సెక్షన్లు వెతుక్కోవడం కంటే, ముందే కాగితంలో ఒక వాక్యం పెట్టుకోవడం మేలని నేను అంటున్నాను.

ఇటువంటి వాక్యం పెట్టడం ఎక్కడా లేని వింత కాదని నాకు మా చిన్నమ్మాయి ద్వారా తెలిసింది. ఆమె, మా అల్లుడు ఇంగ్లండులో ఒక ఇల్లు కొనుక్కున్నారు. ఆ సమయంలో ఫోను చేసి, "నాన్నా, ఇక్కడ ఇల్లు అమ్మేవాళ్లు ఒక మొక్క ఉందా లేదా అని కూడా రాసి ఇవ్వాలి, మీ దస్తావేజుల్లో ఇట్లాంటిది ఉంటుందా?" అని అడిగింది. ఆ మొక్క పేరు జపనీస్ నాట్‌వీడ్. పందొమ్మిదో శతాబ్దంలో తోటల అందం కోసం జపాను నుంచి తెచ్చుకున్న మొక్క అది. ఇప్పుడు నేలలోని దుంపవేరు ముక్క చిన్నది మిగిలినా మళ్లీ పుట్టుకొచ్చి అక్కడివారిని పీడిస్తోంది. దాన్ని తోట దాటి బయట నాటడం, విస్తరించేలా చేయడం అక్కడి 1981 నాటి చట్టం ప్రకారం నేరం. ఇల్లు అమ్మేవారు నింపే ఫారంలో ఆ మొక్క గురించి ప్రశ్న ఉంటుంది. ఉంది, లేదు, తెలియదు అనే మూడు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. పైకి ఏమీ కనిపించకపోయినా, నేలలో దాని వేరు లేదని కచ్చితంగా తెలిస్తేనే "లేదు" అని రాయాలని 2020లో ఆ ఫారంతో ఇచ్చిన వివరణ చెబుతుంది. మొక్క ఉందని తేలిన ఇంటికి అప్పు ఇచ్చే ముందు, దాన్ని నిర్మూలించే పనికి రాతపూర్వకమైన ప్రణాళికను, హామీని బ్యాంకులు అడగడం అక్కడ పరిపాటి.

2023లో లండనులోని ఒక కోర్టు విచారించిన దావా గురించి కూడా అల్లుడు చదివి వినిపించాడు. అమ్మినతను ఫారంలో "లేదు" అని రాశాడు. కొన్నతనికి తోటలో షెడ్డు వెనుక ఆ మొక్క బయటపడింది. పెద్ద పొద అడ్డుగా ఉండడం వల్ల నాకు కనిపించలేదని అమ్మినతను వాదించినా కోర్టు ఒప్పుకోలేదు. 32 వేల పౌండ్ల నష్టపరిహారం, దాని మీద ఉభయపక్షాల ఖర్చులు కలిపి రెండు లక్షల పౌండ్లకు పైగా అతని మీద పడింది. అది వింటున్నప్పుడు నాకు ఆ షెడ్డు స్థానంలో మా లేఅవుట్‌లోని గ్రావెలే కళ్ల ముందు మెదిలింది. అయితే ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఆ మొక్క గోడలను కూల్చేస్తుందన్న భయం అక్కడ మొదట్లో మితిమీరి, మంచి ఇళ్లకు కూడా అప్పులు పుట్టని పరిస్థితి వచ్చింది. 2022లో అక్కడి సర్వేయర్ల సంస్థ తన మార్గదర్శకాలను సవరించి ఆ భయాన్ని కొంత తగ్గించింది. మన తుమ్మ విషయంలోనూ స్థలం పనికిరాకుండా పోయిందని బెదరగొట్టి ధర కోయడానికి నా ఉత్తరాన్ని ఎవరూ వాడకూడదు. ఇది సరిగ్గా చేస్తే తీరిపోయే పని. ఎవరు చేయాలి, ఎవరు ఖర్చు భరించాలి అన్నదే తేల్చుకోవాలి.

సరిగ్గా చేయడం అంటే ఏమిటో నేను ఆ అంగన్‌వాడీ టీచరు స్థలంలోనే చూశాను. మధ్యవర్తి ముఖం చాటేయడంతో, కంప కొట్టి బొగ్గు కాల్చే పనిలో పుట్టి పెరిగిన ఇద్దరు యానాది అన్నదమ్ములను ఆమె కూలికి పిలిపించారు. వారు జేసీబీ అక్కరలేదన్నారు. వాన వెలిసి నేల మెత్తగా ఉన్నప్పుడు మోడు చుట్టూ మూరెడు వెడల్పున గొయ్యి తీసి, మొదలు ఎక్కడ సన్నబడి వేరుగా చీలుతుందో చేత్తో తడిమి చూసి, అక్కడికి రెండు వేళ్లు కిందగా గొడ్డలి వేశారు. అంతకంటే పైన తెగితే పెద్దవాడు ఒప్పుకోలేదు. "ఈ ముడి ఉన్నంత కాలం ఇది బతికే ఉంటాది సార్, ఈ ముడి తీసినామంటే ఇంక లేవదు" అని ఒక మోడును తిప్పి నాకు చూపించాడు. వాపు వచ్చినట్లు ఉబ్బి, బొడిపెలు బొడిపెలుగా ఉన్న ఆ భాగంలో అప్పుడే చిట్లుతున్న ఎర్రటి మొగ్గలు ఉన్నాయి. పుస్తకాలు చెప్పేది, అతను చేత్తో తడిమి చెప్పింది ఒకటే. రోజుకు అయిదారు మోడుల చొప్పున నాలుగు రోజుల్లో పని ముగిసింది. వేర్ల చివరల దాకా తవ్వలేదు, తవ్వనక్కరలేదని వారు చెప్పారు. రెండేళ్లు గడిచినా ఆ గోతుల్లోంచి ఒక్క పిలక కూడా రాలేదు. గింజల నుంచి వచ్చిన మొక్కలు మాత్రం ప్రతి వానాకాలం వస్తూనే ఉన్నాయి. ఆమె వాటిని జానెడు పెరగకముందే వేరుతో సహా పీకేస్తున్నారు.

మోడు మీద డీజిలు పోయడం, వాడేసిన ఇంజను నూనె పోయడం, కళ్లుప్పు కుప్ప పోయడం మా వైపు బాగా అలవాటు. రేపు ఇల్లు కట్టుకుని బోరు వేసుకుని, పెరట్లో కరివేపాకు నాటుకోవాల్సిన నేలలో ఇవి పోయవద్దని చేతులెత్తి కోరుతున్నాను. నేల పాడవుతుంది, మట్టి కిందున్న మొగ్గ చాలాసార్లు చావను కూడా చావదు. నిప్పు పెట్టడం ఇంకా ప్రమాదం. ఎండు కంప అంటుకుంటే పక్క ఇంటి మీది కరెంటు తీగల దాకా మంట లేవడం మా వీధిలో నేను చూశాను.

కొన్నవారి కష్టం ఇంత అయితే, అమ్మకుండా, కట్టకుండా వదిలేసినవారి స్థలాల పక్కన ఉంటున్నవారి కష్టం మరొకటి. నా ఇంటికి పడమటి వైపు స్థలం పదిహేనేళ్లుగా ఖాళీగా ఉంది. యజమాని హైదరాబాదులో ఉంటారు, మంచి మనిషి, ఫోను చేస్తే మర్యాదగా మాట్లాడతారు, ప్రతి ఏడూ వేసవిలో ఒకసారి మనిషిని పంపించి కంప కొట్టిస్తారు. ప్రతి ఏడూ నరకడం వల్ల ఆ స్థలం ఇప్పుడు కాలు పెట్టడానికి వీల్లేని పొదగా తయారైంది. అందులోంచి రక్తపింజరి మా మెట్ల మీదికి వచ్చిన రాత్రి తరువాత నా మనవరాలు ఆ వైపు తలుపు తీయడం మానేసింది. అక్కడి హద్దురాయి ఏ పొద కింద ఉందో ఇప్పుడు ఎవరికీ తెలియదు. సర్వేయరు వచ్చినా కంప కొట్టించనిదే కొలత వేయలేడు. ఇటువంటి చోట్లనే అడుగు, రెండడుగులు అటు ఇటు జరిపి గోడ కట్టేస్తారు, పదేళ్ల తరువాత అది నా బల్ల దగ్గరికి తగాదాగా వస్తుంది. తుపాను రోజుల్లో మా వీధి నీళ్లు పోవాల్సిన కాలువ సైతం ఈ పొదల కిందే మూసుకుపోయి ఉండడం వల్ల మోకాటి లోతు నీళ్లు రెండు రోజులు ఇళ్ల ముందు నిలిచాయి.

మున్సిపాలిటీలు ఖాళీ స్థలాలకు పన్ను వేస్తున్నాయి, వసూలూ చేస్తున్నాయి. ఆ పన్ను నోటీసుతో పాటే, స్థలంలో సర్కారు తుమ్మ ఉంటే ఫలానా తేదీలోగా మొదళ్లతో సహా తీయించాలని, లేకపోతే మున్సిపాలిటీయే తీయించి ఆ ఖర్చును పన్నుతో కలిపి వసూలు చేస్తుందని ఒక్క వాక్యం జోడిస్తే, హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉన్న యజమానులకు కూడా ఆ కబురు అందుతుంది. "కంప కొట్టించాలి" అని కాకుండా "మొదళ్లతో సహా తీయించాలి" అని రాయడం ఇక్కడ ముఖ్యం. మన పొరుగున తమిళనాడులో ఇదే చెట్టును సీమై కరువేలం అంటారు. 2017లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం దాన్ని తొలగించాలని ఆదేశాలు ఇచ్చింది. 2022లో ఆ రాష్ట్ర ప్రభుత్వం బయటి నుంచి వచ్చి ఆక్రమించే మొక్కల గురించి ఒక విధానాన్నే ప్రకటించింది. ఆ విధానం ప్రధానంగా అడవులకు సంబంధించినది. ఇళ్ల మధ్య స్థలాల సంగతి స్థానిక సంస్థలే చూసుకోవాలి.

ఈ చెట్టును పూర్తిగా శత్రువుగా చూడడం కూడా నాకు ఇష్టం లేదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్నో పేద కుటుంబాలు, ముఖ్యంగా యానాదులు, దీన్ని కొట్టి బొగ్గు కాల్చి పొట్ట పోసుకుంటున్నారు. గ్యాసు బండ కొనలేని నెలలో కనిగిరి, పొదిలి వైపు మెట్ట పల్లెల్లో ఇప్పటికీ పొయ్యిలోకి వచ్చేది ఈ కంపే. బీటలు వారిన బీడు మీద ఆకుపచ్చగా నిలిచేది కూడా చాలా చోట్ల ఇదొక్కటే. కాబట్టి నేను మాట్లాడుతున్నది ఊరి బయటి బీళ్ల గురించి కాదు, మనుషులు డబ్బు పోసి కొనుక్కుని ఇల్లు కట్టుకోబోయే స్థలాల గురించి. ఆ స్థలాల్లో మొదళ్లు తీసే పనిని జేసీబీలకు బదులు ఈ పని తెలిసిన చేతులకు ఇస్తే, కూలీ వారికి దక్కుతుంది, కర్ర వారికే దక్కుతుంది, పనీ సరిగ్గా జరుగుతుంది. కూలీ రోజు లెక్కన కాకుండా మోడు లెక్కన మాట్లాడుకుంటే, పైపైన నరికి వెళ్లిపోయారన్న మాట రాదు. తీసిన ముడిని చూపించి డబ్బు తీసుకుంటారు.

కొనబోయేవారికి నా అనుభవం కొద్దీ చెప్పేది ఒకటుంది. కొత్తగా గ్రావెలు పరిచిన స్థలాన్ని చూస్తే సంతోషపడకండి, అనుమానపడండి. బయానా ఇవ్వకముందు అమ్మేవారి అనుమతితో రెండు మూడు చోట్ల జానెడు లోతు తవ్వించి చూడండి. చుట్టుపక్కల ఇళ్లవారిని, నిరుడు ఇక్కడ ఏముండేదని అడగండి, వారు దాచరు. వీలైతే కార్తీకంలో, వానలు పడుతున్నప్పుడు ఇంకోసారి వెళ్లి చూడండి. ఎండాకాలంలో మట్టి కింద దాక్కున్నది ఈశాన్య రుతుపవనం వచ్చేసరికి దానంతట అదే బయటపడుతుంది. అమ్మేవారు మంచివారైతే, ముందుగా చెప్పి, తీయించే ఖర్చును ధరలో తగ్గించుకుంటే వారికీ నష్టం లేదు. దాచి అమ్మి తరువాత మాట పడడం కంటే అది గౌరవం.

నేను ఇప్పుడు రాస్తున్న అగ్రిమెంట్లలో, విక్రయ దస్తావేజుల్లో, ఉభయపక్షాలూ ఒప్పుకుంటే, ఈ వాక్యాలు చేరుస్తున్నాను. తోటి లేఖరులు ఎవరైనా వాడుకోవచ్చు: "సదరు ఇంటి స్థలంలో సర్కారు తుమ్మ చెట్లు గాని, వాటి మోడులు గాని, పైకి కనిపించునవి మరియు మట్టి లేక గ్రావెలు క్రింద ఉన్నవి, ఏవియు లేవని విక్రయదారు తనకు తెలిసినంత వరకు ప్రకటించుచున్నారు. ఉన్న యెడల వాటి సంఖ్యను, ఏ తేదీన మొదళ్లతో సహా తీయించినదియు ఇందులో చూపవలెను. ఈ దస్తావేజు తేదీ తరువాత వచ్చు మొదటి వానాకాలం ముగియులోగా సదరు స్థలంలో పాత మోడుల నుండి పిలకలు వచ్చిన యెడల, వాటిని మొదళ్లతో సహా తీయించు ఖర్చును విక్రయదారు కొనుగోలుదారునకు చెల్లించగలరు." గింజల నుంచి వచ్చే మొక్కలకు అమ్మేవారిని బాధ్యులను చేయడం న్యాయం కాదు కనుక "పాత మోడుల నుండి" అన్న మాట కావాలనే పెట్టాను. ఈ వాక్యాలు చదివి వినిపించగానే ఇద్దరు అమ్మకందారులు ఒక నిమిషం ఆగి, వారం రోజులు గడువు అడిగి, మనుషులను పెట్టి మోడులు తీయించుకుని మళ్లీ వచ్చారు.

ఈ ఉత్తరాన్ని వానలు మొదలు కాకముందే ప్రచురించగలిగితే మేలు. తొలి వానకు తడిసిన నేలలో రెండాకుల మొక్క వేలితో లాగితే వేరుతో సహా వచ్చేస్తుంది. దీపావళి దాటితే అదే మొక్కకు గునపం కావాలి.

ఇట్లు
భవదీయుడు,
ఒక దస్తావేజు లేఖరి,
కావలి, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.